సభామర్యాద

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో ఊరి ఉత్సవము దగ్గరపడగనే గుడి మండపములోనో, రచ్చబండ యొద్దనో, లేక క్లబ్బు గదిలోనో పెద్దలు కూడుదురు. చందా యెంత, అన్నదానము ఎవరిది, స్వామివాహనమునకు ముందు నడచువారెవరు అను విషయములు చర్చకు వచ్చును. భగవత్కైంకర్యమునకై కూడినవారే ఒక్కొక్కప్పుడు ఒకరినొకరు నోటికి వచ్చినట్లు నిందించుకొని లేచిపోవుదురు. తేరు కదలకమానదు గాని, పగ్గము పట్టవలసిన చేతులు కొన్ని ఇంటనే ఉండిపోవును.

వాదించుట తప్పని శాస్త్రము చెప్పలేదు. గౌతమమహర్షి న్యాయసూత్రములలో చర్చను వాదము, జల్పము, వితండ అని వేరుపరచెను. తత్త్వము తెలిసికొనుటకు చేయునది వాదము. గెలుపే ప్రయోజనముగా గలది జల్పము. తనకంటూ ఒక పక్షము లేక, ఎదుటివాని మాటను పడగొట్టుటయే పనిగా పెట్టుకొన్నది వితండ. ఆపై ఓటమికి హేతువులగు 22 నిగ్రహస్థానములను లెక్కించెను. ప్రస్తుతాంశమును విడిచి వేరొకదానిలోనికి జారుటయు, చెప్పినదే మరల చెప్పుటయు అందు చేరినవే. గొంతు హెచ్చించుట ప్రమాణమని మాత్రము ఆ మహర్షి ఎక్కడను చెప్పలేదు! మార్కాపురము పలకలకు పేరొందిన ఊరు. పలకపై తప్పు వ్రాసినచో తడిగుడ్డతో తుడువవచ్చును. సభలో అన్న మాటకు ఆ వసతి లేదు.

అయితే మర్యాద పేరిట నోరు మెదపకుండుటయు సభాధర్మము కాదు. కురుసభలో ద్రౌపది ప్రశ్నకు భీష్ముడు ధర్మగతి సూక్ష్మమనెను. పెద్దలలో పెక్కురు తమ తమ ఆసనములపై నిశ్శబ్దముగనే కూర్చుండిరి. పైకి చూడ అది మిక్కిలి క్రమముగల సభయే. ధృతరాష్ట్రపుత్రులలో వికర్ణుడొక్కడు లేచి న్యాయము పలుకగా, కర్ణుడు అతనిని బాలుడవని ఈసడించెను. నేడును వయస్సును, కులమును, ఇచ్చిన చందాను చూపి మాట నడ్డగించుట అక్కడక్కడ కానవచ్చుచున్నది. అది కర్ణుని మార్గమే.

శ్రీమద్రామాయణము యుద్ధకాండములో ఒకే వ్యక్తి విషయమున రెండు సభలు కనబడును. లంకలో విభీషణుడు హితము చెప్పగా ఇంద్రజిత్తు పిరికివాడని గేలిచేసెను, రావణుడు పరుషములాడెను. ఆతడు నలుగురు అనుచరులతో లేచిపోయెను. సముద్రమునకు ఈవలి ఒడ్డున, ఆ విభీషణుని చేర్చుకొనవచ్చునా అని శ్రీరాముడు ఒక్కొక్కరి అభిప్రాయము నడిగెను. పరీక్షింపవలెనని అంగదుడును, చారుని పంపుమని శరభుడును, కాని కాలమున వచ్చెను గాన శంకింపదగునని జాంబవంతుడును, మెల్లగా ప్రశ్నింపవలెనని మైందుడును పలికిరి.

హనుమంతుని మతము వేరు. అయినను తాను వాదమునకై గాని, స్పర్ధచే గాని పలుకుట లేదని మొదటనే విన్నవించెను. పిమ్మట సచివులు చెప్పినదానిలో దోషము కనుపించుచున్నదనెనే గాని, ఫలానివాడు తప్పు పలికెనని ఒక్కని పేరైనను ఎత్తలేదు. ఒక్కొక్క మాటను తీసికొని, అది ఏల పొసగదో చూపెను. మన సంఘముల కార్యదర్శులు ఈ ఘట్టమును తప్పక పారాయణము చేయవలెను.

సుగ్రీవుడు అప్పటికిని సమ్మతింపలేదు. మరల మరల అభ్యంతరము చెప్పెను. రాముడు విసుగుకొనలేదు. తన స్నేహితుని భయము ప్రేమవలన పుట్టినదని ఎరిగి, శరణాగతుడైన శత్రువునకు తన మాంసమునే ఆతిథ్యముగా నిచ్చిన పావురము కథ చెప్పెను. శరణన్నవానికి అభయమొసగుట తన వ్రతమని తెలిపెను. అంతట విభీషణుని తోడ్కొని రమ్మని ఆజ్ఞాపించినది, అంతవరకు కాదన్న ఆ సుగ్రీవునే. సుగ్రీవుడును చిన్నబుచ్చుకొనక, విభీషణుడు తమతో సమానుడై, తమ చెలిమిని పొందుగాక యని పలికెను.