వెనుదిరగని ఎలక్ట్రాన్

పగిడ్యాల మండలంలోని ముచ్చుమర్రి ఎత్తిపోతల పథకం కృష్ణా నది నీటిని పైకి తోడుతుంది. అలా నడిచే ఏ మోటారు మీదనైనా చెయ్యి వేసి చూస్తే వేడి తగులుతుంది. నీటిని ఎత్తవలసిన కరెంటులో కొంత రాగి చుట్లలోనే వేడై పోతోందన్నమాట. అడ్డు తగిలిన చోటల్లా ఎలక్ట్రాన్లు దారి తప్పుతాయి, వెనక్కీ మళ్లుతాయి. ఈ నష్టం తప్పనిదేనా?

కాదని 1911లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో భౌతిక శాస్త్రవేత్త కామెర్లింగ్ ఓన్స్ చూపాడు. సుమారు మైనస్ 269 డిగ్రీల చలిలో పాదరసంలో నిరోధం మాయమైంది. అలాంటి అతివాహకంలో ఎలక్ట్రాన్లు జంట కట్టి కదులుతాయని 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ వివరించారు. 2007లో జర్మనీలోని వుర్జ్‌బుర్గ్‌లో మరో దారి కనబడింది. పాదరసం, టెలూరియం కలిసిన పలుచని పొరలో లోపలి భాగం కరెంటును సాగనివ్వదు, అంచులు మాత్రం సాగనిస్తాయి. అక్కడ ఎలక్ట్రాన్‌కుండే స్పిన్ అనే గుణాన్ని బట్టే దాని దిశ ఉంటుంది. వెనక్కి తిరగాలంటే స్పిన్ తిరగబడాలి. మామూలు మలినానికి ఆ శక్తి లేదు. ఎదురెదురు స్పిన్‌లతో ఎదురెదురుగా సాగే ఈ ఎలక్ట్రాన్లు అతివాహక జంటకు తగినవే. 2014లో హార్వర్డ్ పరిశోధకులు ఆ పొరకు అతివాహకాలను తాకించి, జంటల ప్రవాహం అంచుల వెంట సాగడం గమనించారు.

ఇక్కడ మనకొక మాట అనాలనిపిస్తుంది: మనస్సాక్షి గల మనిషీ ఇలాగే, ఎన్ని అడ్డంకులొచ్చినా వెనుదిరగడని. పరీక్షిస్తే ఆ మాట నిలవదు. ఎలక్ట్రాన్‌కు తిరిగే వీలే లేదు. వీలు లేని చోట నిగ్రహానికి మెప్పేమిటి? పైగా అంచు పొడవు పెరిగితే ప్రయోగాల్లో ఆ రక్షణా సడలుతోంది. ప్రకృతి నుంచి నీతిని నేరుగా తీసుకోవడం, దైవం పేరనైనా విజ్ఞానం పేరనైనా, తొందరపాటే.

మనిషి విలువ బహుశా తిరగగలగడంలోనే ఉంది. ఇదే రంగంలో దానికొక ఉదాహరణ ఉంది. అతివాహకత ఇలాంటి మార్గాలతో కలిసే చోట మయొరానా స్థితులనే ప్రత్యేక ఎలక్ట్రాన్ స్థితులు పుట్టాలని సిద్ధాంతం చెబుతుంది. నానోతీగల్లో వాటికి బలమైన ఆధారం దొరికిందని 2018లో డెల్ఫ్ట్ బృందం నేచర్ పత్రికలో ప్రకటించింది. భౌతిక శాస్త్రవేత్తలు సెర్గీ ఫ్రోలోవ్, విన్సెంట్ మూరిక్ అసలు కొలతలు అడిగి తెప్పించుకుని, వ్యాసంలో చేరని వాటిని ఎత్తి చూపారు. 2021లో రచయితలు వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. ఊరుకునే వీలు ఆ ఇద్దరికీ ఉంది, అయినా అడిగారు. మెచ్చుకోవలసింది అక్కడ.

2025 ఫిబ్రవరిలో, హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల నడిపే మైక్రోసాఫ్ట్ ఈ స్థితుల మీద ఆధారపడే మయొరానా 1 అనే క్వాంటమ్ చిప్‌ను ప్రకటించింది. మనవాడన్న గర్వం సహజం. అయితే ఆ ప్రకటనతో పాటు వచ్చిన వ్యాసం మయొరానా స్థితుల ఉనికికి ఆధారం కాదని నేచర్ సంపాదకులే సమీక్ష పత్రంలో స్పష్టం చేశారు. అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ అనే సాంకేతిక కేంద్రాన్ని తలపెట్టిన మనం, ఏ ప్రకటన వచ్చినా మొదట అసలు కొలతలు చూపమని అడుగుదాం.