విడుదల దయ అవుతుందా?

బస్తర్ జిల్లా నగర్‌నార్‌లో ఉక్కు ఉత్పత్తి 2023లో ఆరంభమైంది. ఇటువంటి పారిశ్రామిక పట్టణాలలో ఉద్యోగికి బదిలీ సహజం. అతని ఇంట గాజుతొట్టెలో ఈదే ఏంజెల్ చేప అమెజాన్ జలాల సంతతి. సరియైన పోషణలో సుమారు 10 ఏళ్లు జీవిస్తుంది. లోతైన తొట్టె, 26 డిగ్రీల వెచ్చదనం, నిర్మలమైన నీరు దానికి అవసరం.

బదిలీవేళ దానిని ఇంద్రావతిలో విడిచిపెట్టడం దయ అవుతుందా? శీతకాలపు నీటిలో అది మరణించవచ్చు. బ్రతికితే స్థానిక మత్స్యాలకు పోటీ కావచ్చు, రోగాలను సంక్రమింపజేయవచ్చు. ఇంద్రావతి గోదావరిలో కలుస్తుంది గనుక ఆ హాని ఒక ఊరితో ఆగకపోవచ్చు. తొట్టెల నుండి వెలువడిన సక్కర్ చేపలు ఆంధ్రప్రదేశ్ జలాలలో వ్యాపించి జాలరుల వలలను పాడుచేస్తున్నాయి.

పంజరపు పక్షిని విడిచిపెట్టడం పుణ్యమనే భావన, దాని స్వస్థలంలోనే సార్థకం. చేపను పరాయి నీటికి తెచ్చినవాడు గృహస్థుడే గనుక, కొనకముందే దాని ఆయుష్షును లెక్కించాలి. వెంట తీసుకువెళ్లలేనినాడు, పోషించగల మరొక ఇంటికి అప్పగించాలి.