భూకంపంలో మరణించినవారు పాపులా?

2024 డిసెంబరు 4వ తేదీ ఉదయం ఏడున్నర గంటల వేళ ములుగు జిల్లాలో భూమి కంపించింది. తీవ్రత 5.3. హైదరాబాదు, విజయవాడల దాకా ఇళ్లలో గిన్నెలు కదిలాయి, ఫ్యాన్లు ఊగాయి. అల్లాహ్ దయవల్ల పెద్ద నష్టమేమీ జరగలేదు. ఆ రోజు జుహర్ నమాజు తర్వాత మస్జిదు వరండాలో అందరి నోటా ఇదే మాట. ఒక పెద్దాయన, "ఇదంతా పాపాల ఫలితం మౌలానా! నిరుడు తుర్కియాలో చూశారుగా, అంతమందిని అల్లాహ్ ఊరికే పట్టుకుంటాడా?" అన్నారు. పక్కనే కూర్చున్న తొమ్మిదో తరగతి కుర్రాడు మెల్లగా అడిగాడు: "హజ్రత్, భూమి లోపల పలకలు కదిలితే భూకంపం వస్తుందని మా బడిలో చెప్పారు. మరి అక్కడ చనిపోయిన చిన్నపిల్లలు ఏం పాపం చేశారు?"

ఆ కుర్రాడికి ఆ రోజు సగం జవాబే చెప్పగలిగాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

నేల ఎలా కదులుతుంది?

ప్రియ పాఠకులారా! మనం నిలబడి ఉన్న నేల ఒకే ముక్క కాదు. భూగోళం పైపొర కొన్ని పెద్ద పలకలుగా, మరికొన్ని చిన్న పలకలుగా విడివడి ఉంది. ఒక్కో పలక మందం సుమారు వంద కిలోమీటర్లు. లోపలి వేడికి మెత్తబడిన రాతిపొర మీద ఇవి ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున, ఇంచుమించు మన చేతిగోరు పెరిగేంత నెమ్మదిగా జరుగుతూ ఉంటాయి. ఖండాలు జరుగుతున్నాయని జర్మనీకి చెందిన ఆల్ఫ్రెడ్ వెగెనర్ 1912లో చెప్పినప్పుడు చాలామంది నమ్మలేదు. సముద్రగర్భాన్ని కొలిచి చూసిన తర్వాత, 1960లలో గాని శాస్త్రలోకం ఒప్పుకోలేదు.

హజ్‌కు, ఉమ్రాకు వెళ్లివచ్చినవారు ఈ కదలిక చేసిన పనిని తమ కళ్లతో చూసే ఉంటారు. జిద్దా ఒడ్డున కనిపించే ఎర్రసముద్రం ఒకప్పుడు లేదు. అరేబియా పలక ఆఫ్రికా నుంచి విడిపోవడం సుమారు మూడు కోట్ల సంవత్సరాల క్రితం మొదలైంది. ఆ చీలికలోకి నీరు చేరి సముద్రమైంది. చీలిక అంచు పైకి లేచి తాయిఫ్ వైపు కొండల వరుస అయింది. మదీనాకు ఇరువైపులా ఉన్న నల్లరాతి నేలలు భూగర్భం నుంచి ఉబికిన లావా గడ్డకట్టగా ఏర్పడినవే. హిజ్రీ 654లో, అంటే క్రీ.శ. 1256లో, కొన్ని రోజులపాటు భూమి కంపించిన తర్వాత మదీనా సమీపంలో లావా పెల్లుబికి 52 రోజులు పారింది.

అదే అరేబియా పలక ఉత్తరానికి జరుగుతూ ఇరాన్‌ను ఒత్తడం వల్ల జాగ్రోస్ పర్వతాలు లేచాయి. అటు తుర్కియాను కూడా అది ఒత్తుతూనే ఉంది. అక్కడ పలకలు ఒరుసుకునే చోట ఎంతో కాలంగా పేరుకున్న ఒత్తిడి 2023 ఫిబ్రవరి 6న తెల్లవారుజామున 4 గంటల 17 నిమిషాలకు ఒక్కసారిగా విడుదలైంది. తీవ్రత 7.8. సుమారు తొమ్మిది గంటల తర్వాత మరో పెద్ద భూకంపం వచ్చింది. తుర్కియాలో 53 వేల మందికి పైగా, సిరియాలో వేలాది మంది ప్రాణాలు కోల్పోయారు.

అయితే ఈ కదలికలో ఉన్నది వినాశనం ఒక్కటే కాదు. వానలు, నదులు కొండలను నిత్యం అరగదీసి సముద్రంలో కలుపుతూనే ఉంటాయి. పలకల కదలిక కొత్త నేలను పైకి లేపుతున్నందువల్లే ఆ అరుగుదల పూడుతోంది. భారత పలక ఆసియాను ఢీకొనడం వల్లే హిమాలయాలు లేచాయి, గంగా సింధు నదులకు పుట్టినిల్లు ఏర్పడింది. మన గోదావరి లోయ కూడా కోట్ల సంవత్సరాల క్రితం నేల సాగి, పగిలి, కుంగిన చోటే. అందులో పూడిపోయిన అడవులే ఈనాటి సింగరేణి బొగ్గు. ములుగులో భూమి కంపించింది కూడా ఆ పాత పగుళ్ల ప్రాంతంలోనే. మన ఇంట్లో దీపం వెలిగించిన లోయే ఆ ఉదయం మన గోడను కదిలించింది.

కారణం తెలిస్తే దైవాజ్ఞ లేనట్టేనా?

ఇదంతా విని, "మరి ఇందులో అల్లాహ్ ప్రమేయం ఏముంది?" అని కొందరంటారు. సముద్రపు నీరు ఆవిరై మేఘమై వాన కురుస్తుందని మనకు తెలుసు. అయినా కరువు వస్తే వాన కోసం నమాజు చేస్తున్నాం కదా! 'ఎలా' అన్న ప్రశ్నకు జవాబు దొరికినంత మాత్రాన 'ఎవరు' అన్న ప్రశ్న తీరిపోదు. పలకలు ఆయన సృష్టి, వాటి కదలిక ఆయన నియమించిన క్రమం. కనుక ఆ పెద్దాయన మాటలో ఒక సగం నిజమే, అల్లాహ్ ఆజ్ఞ లేనిదే భూమి కదలదు. కాని ఆ ఆజ్ఞ వెనుక ఉద్దేశం తనకు తెలుసునన్నట్టు, మరణించినవారిని దోషులుగా నిలబెట్టిన రెండో సగం ఎక్కడి నుంచి వచ్చింది?

దైవప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ మరణం వల్లే గ్రహణం పట్టిందని జనం అనుకున్నారు. దైవప్రవక్త (స) ఆ మాటను ఒప్పుకోలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలని, ఒకరి చావు కోసమో పుట్టుక కోసమో వాటికి గ్రహణం పట్టదని బోధించారు. అంతేకాదు, నీట మునిగి మరణించినవారిని, కూలిన కట్టడం కింద పడి మరణించినవారిని ఆయన షహీదుల్లో లెక్కించారు. దైవప్రవక్త (స) షహీదు అన్నవారిని పాపి అనడానికి మనమెవరం?

"ఆద్, సమూద్‌ల సంగతేమిటి? షుఐబ్ (అలై) జాతిని భూకంపం పట్టలేదా?" అని అడగవచ్చు. నిజమే. అయితే అది శిక్ష అని మనకు తెలిపింది దైవవాణి. దైవవాణి ముగిసిన తర్వాత ఫలానా ఊరి మీద పడింది శిక్ష అని తీర్పు చెప్పే జ్ఞానం ఎవరి దగ్గరా లేదు. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో మదీనాలో భూమి కంపించినప్పుడు, ఏం మార్పు తెచ్చుకున్నారని ఆయన జనాన్ని మందలించినట్లు ఉల్లేఖనం ఉంది. కాని ఆయన ఎవరిని మందలించారు? తన ఊరివారిని, తన ఎదుట నిలిచిన బతికినవారిని. దూరదేశంలో చనిపోయినవారి మీద వేలెత్తి చూపలేదు. భూకంపం చూసి మన పాపాలు మనకు గుర్తొస్తే అది విశ్వాసం. ఇతరుల పాపాలు గుర్తొస్తే అది అహంకారం.

కొలతలో తగ్గించినవాడు

షుఐబ్ (అలై) జాతి చేసిన నేరం ఏమిటో గుర్తుచేసుకోండి. బహుదైవారాధనతో పాటు, వారు తూకంలో, కొలతలో తగ్గించి ఇచ్చేవారు. ఇప్పుడు మళ్లీ తుర్కియాకు వద్దాం. 1999 ఆగస్టు 17న ఇజ్మిత్ భూకంపంలో 17 వేల మందికి పైగా మరణించిన తర్వాత అక్కడ నిర్మాణ నియమాలు కఠినం చేశారు. అయినా చాలాచోట్ల అవి కాగితాల మీదే మిగిలాయి. 2018లో నియమాలకు విరుద్ధమైన కట్టడాలను రుసుము కట్టించుకుని క్రమబద్ధం చేశారు. 2023లో గట్టిగా కట్టిన భవనాలు నిలిచాయి, వాటి పక్కనే మరికొన్ని పేకమేడల్లా కూలాయి. పలక కదలడం దైవనిర్ణయం. ఇనుము తగ్గించడం, సిమెంటులో ఇసుక పెంచడం, చూసీ చూడనట్టు సంతకం పెట్టడం మనిషి చేసిన పని. కొలతలో తగ్గించినవాడు ఒకడు, దాని కింద పడి చనిపోయినవాడు మరొకడు. ఆ చనిపోయినవాణ్ణి మనం పాపి అంటే, తగ్గించినవాడు హాయిగా తప్పించుకుంటాడు. అన్నిటికంటే పెద్ద అన్యాయం ఇదే.

సోదరులారా! మనలో మేస్త్రీలున్నారు, కాంట్రాక్టర్లున్నారు, మస్జిదు కమిటీల బాధ్యులున్నారు. పాత గోడల మీద ఇంకో అంతస్తు లేపే ముందు పునాది ఎంత బరువు మోయగలదో ఇంజనీరును అడిగామా? పిల్లలు ఖుర్ఆన్ చదువుకునే గది పైకప్పు మన చేతిలోని అమానతు అని తలచామా? ప్రళయదినాన పలకలు ఎందుకు కదిలాయని మనల్ని అడగరు. పునాది ఎందుకు తగ్గించావని అడుగుతారు.

ఆ కుర్రాడికి నా జవాబు ఇదే: "బాబూ, ఆ పిల్లలు ఏ పాపమూ చేయలేదు. నీ బడిలో చెప్పిందీ నిజమే, నీ విశ్వాసమూ నిజమే. నువ్వు పెద్దయ్యాక ఇల్లు కడితే, కొలత తగ్గించకుండా కట్టు."

అల్లాహ్ మృతులను కరుణించుగాక! బతికి ఉన్న మనకు అమానతును కాపాడే బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.