ఏథెన్సులో మనము చూడవలసినదేమి?



పురాతన కట్టడములకు పేరుపొందిన నగరమును చూడబోవు విశ్వాసికి ఒక ప్రశ్న ఎదురగును. విగ్రహారాధన కొరకు కట్టిన గుడిని చూచి ఆనందించుట తగునా, లేక ముఖము త్రిప్పుకొనవలెనా? ఇది దూరదేశయాత్ర చేయువారికి మాత్రమే చెందిన ప్రశ్న కాదు. దేనిని మనము గొప్పదని యెంచుచున్నామనునదే ఇందులోని అసలు సంగతి. కావున ఊరు కదలని మనకును ఇది చెందును.

గ్రీసు దేశపు ముఖ్యపట్టణమైన ఏథెన్సును తీసికొందము. నేడది లక్షలాది జనులుండు నగరము. భూమి క్రింద రైళ్లు, పైన కార్లు ఎడతెగక పోవుచుండును. వీటి నడుమ అక్రోపొలిస్ అను రాతికొండయు, దానిమీద పార్థెనోను అను పాలరాతి గుడియు నిలిచియున్నవి. అథేన అను దేవత కొరకు క్రీ.పూ. 447లో దానిని ఆరంభించి 432లో ముగించిరి. క్రీ.శ. 50 ప్రాంతమున అపొస్తలుడైన పౌలు ఆ నగరమునకు వచ్చునప్పటికే ఆ గుడి సుమారు 480 ఏండ్ల పాతది.

పౌలు కన్నులు మూసికొని ఆ వీధులలో నడువలేదు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయము చదివిన యెడల, అతడు తిరిగి తిరిగి జాగ్రత్తగా చూచెనని తెలియును. అతని ఆత్మ కలతచెందెను; అయినను అతడు వారిని దూషింపలేదు. దేనికిని మ్రొక్కలేదు, దేనిని పగులగొట్టలేదు. తాము ఎరుగని దేవునికని వారు నిలిపిన ఒక బలిపీఠమును కనుగొని, దానినుండియే తన బోధ మొదలుపెట్టెను. రాతిని చూచి, ఆ రాతిని నిలిపిన మనుష్యుల ఆకలిని గ్రహించెను. లోకమును సృజించినవాడు మన చేతులు కట్టిన గదులలో కాపురముండడని వారికి చెప్పెను.

ఆ గుడి చరిత్రయే ఆ మాటకు సాక్ష్యము. తరువాతి కాలమున అది క్రైస్తవ దేవాలయమై అనేక శతాబ్దములుండెను. 15వ శతాబ్దమున తురుష్కులు దానిని మసీదుగా మార్చిరి. 1687లో వారు అందులో తుపాకి మందు దాచియుండగా, వెనీసువారి ఫిరంగి గుండు తగిలి గుడి నడిమిభాగము బ్రద్దలాయెను. మన దేవుని పేరట నిలిచిన దినములలోను ఆ గోడలు ఆయనను తమలో బంధింపలేకపోయెను. ఇది అన్యులకేగాక మనకును హెచ్చరిక.

అదే కొండమీద ఎరెక్తెయోను అను మరియొక గుడి గలదు. దాని పనివారి లెక్కలు క్రీ.పూ. 5వ శతాబ్దపు చివరలో రాతిమీద చెక్కబడినవి. స్తంభములు చెక్కినవారిలో ఆ పట్టణపు పౌరులు, పరదేశులు, బానిసలు ఉండిరి. అందరికిని దినకూలి ఒకటే, ఒక ద్రాక్మా అను వెండి నాణెము. ఆ కూలిలో బానిస చేతికి ఎంత దక్కెనో ఆ రాయి చెప్పదు. యాత్రికుల కన్నులు స్తంభముల ఎత్తును చూచును. వాటిని చెక్కిన చేతులను ఎందరు తలంచుదురు?

యెరూషలేములోను ఇట్లే జరిగెను. మార్కు సువార్త 12వ అధ్యాయము చివర ప్రభువు ఒక బీద విధవరాలి రెండు కాసులను చూచెను. 13వ అధ్యాయము మొదట శిష్యుడొకడు దేవాలయపు రాళ్లను ఆయనకు చూపెను. ఒకే ఆవరణము, ఒకే దినము. చూపులు మాత్రము వేరు. ఆ రాళ్లు కూలునని ప్రభువు చెప్పెను. ఆ విధవరాలి కానుక నేటికిని మన నోట నున్నది.

కావున పనితనమును మెచ్చుట పాపము కాదు. నేర్పు దేవుని వరము. చూపు రాతితోనే ఆగిపోవుట నష్టము. మన పల్లెలలో పాత మందిరము తీసి క్రొత్తది కట్టుదుము, అది మంచిదే. ప్రారంభ దినమున పాలరాతి పలకమీద దాతల పేర్లు చెక్కించుదుము. ఇటుకలు మోసిన కూలికి సాయంకాలమున సరిగా కూలి ముట్టినదా? వండుకొనుటకు ముందు పిడికెడు బియ్యము తీసి దేవునికై దాచిన తల్లి పేరు ఏ పలకమీద నున్నది?

ఏథెన్సులో పౌలు ఏ కట్టడమును విడిచిపోలేదు. అతని బోధ విని నమ్మినవారిలో ఇద్దరి పేర్లు లేఖనములో నిలిచినవి. ఒకడు ఆ సభలోని పెద్దమనిషియైన దియొనూసియు. అక్రోపొలిస్ దిగువనున్న ఒక వీధికి నేడును అతని పేరే. మరియొకరు దమరి అను స్త్రీ. పేరు తప్ప ఆమెను గూర్చి లేఖనము మరేమియు చెప్పదు. ఆ పేరు చాలునని పరిశుద్ధాత్మ యెంచెను. మనమును మన సంఘములో పేరులేనివారిని పేరుపెట్టి పిలుచుట ఈ నెలనే నేర్చుకొందము.