కథ గొంతు ఎటువైపు?

ముస్లిం రచయిత తన వాళ్లకు గుచ్చుకునే కథ రాస్తే రెండు మాటలు వినక తప్పదు. మనవాళ్లు ‘ఇంటి గుట్టు బజార్న పెడతావా?’ అంటారు. బయటివాళ్లు ‘ఎంత ధైర్యంగా రాశావయ్యా!’ అంటారు. నాకు రెండో మాటంటేనే ఎక్కువ భయం.

ఉదయగిరి, ఆత్మకూరు వైపు సంగతే తీసుకోండి. మా సాయిబుల ఇళ్లల్లో మాట్లాడేది తురకం, బళ్లో చదివేది తెలుగు. ఉదయగిరిలో కర్రతో చెంచాలు, గరిటెలు చెక్కే ఆడవాళ్లూ ఆ ఇళ్లవాళ్లే. వాళ్ల మీద తెలుగులో కథ రాస్తే, వాళ్లకంటే ముందు పక్కింటివాళ్లు చదువుతారు. మన కథని గోడ అవతలనుంచి వినేవాడు ఎప్పుడూ ఒకడుంటాడు. వాడి మెప్పు కోసం గొంతు మార్చామా, కథ అక్కడే చెడింది.

ఆత్మకూరు దగ్గర అనుమసముద్రంపేట దర్గా ఉంది. హిందువులూ ముస్లింలూ వస్తారు. మతి స్థిమితం లేనివాళ్లను తెచ్చి రోజుల తరబడి ఉంచుకుంటారు. దీని మీద కథ రాయకూడదా? రాయాలి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాను నమ్ముకుని నడిచిన ఒక ప్రైవేటు ఆశ్రమంలో, గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది రోగులు అగ్నిప్రమాదంలో చనిపోయారు. అది తెలిసీ నోరు మూసుకోవడం భక్తి కాదు.

ఎట్లా రాయాలన్నదే పేచీ. ఒక కథలో కూతుర్ని తెచ్చిన తల్లి మూర్ఖురాలు, ముజావరు దొంగ, కథ చెప్పేవాడొక్కడే తెలివైనవాడు. సెక్యులర్ మిత్రులు చదివి తలూపుతారు. ఆ తల్లి మాత్రం దర్గా అరుగు మీదే ఉంటుంది. ఇంకో కథలో ఆమె పెద్దాసుపత్రి చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో, చార్జీలకు ఏమి అమ్ముకుందో, రాత్రి కూతురి చేతిని తన కొంగుకు ఎందుకు ముడేసుకుని పడుకుందో ఉంటుంది. ముజావరు డబ్బడగడమూ ఉంటుంది, దాచక్కర్లేదు. నిజంగా రెచ్చగొట్టేది ఈ రెండోదే. మొదటి కథని ఎవరైనా తిట్టి అవతల పారేస్తారు. రెండోదాన్ని పారేయాలంటే ఆ తల్లిని కూడా పారేయాలి.

నవ్వు సంగతీ ఇంతే. సినిమా సాయిబు వచ్చీరాని తెలుగు మాట్లాడి చాలాకాలం జనాన్ని నవ్వించాడు. మన జిల్లా కావలివాడే మహమ్మద్ ఖదీర్‌బాబు 1990ల చివర్లో ‘దర్గామిట్ట కథలు’ రాశాడు. అందులోనూ నవ్వుంది. కానీ నవ్వేది ఆ ఇంటి పిల్లవాడు, అదీ నెల్లూరు యాసలో. పేదరికం, అమ్మా నాయనల తగువులు అన్నీ వాడి నోటినుంచే వస్తాయి. అయితే ఈ గొంతులోనూ ఒక ప్రమాదముంది. పిల్లవాడి ముచ్చట విని, ముద్దుచేసి, తన బాధ్యతేమీ లేదన్నట్టు లేచిపోయే పాఠకుడుంటాడు.

అలాగని మెత్తగానే రాయాలని చెప్పేవాడి మాట నేను వినను. ‘పుట్టుమచ్చ’లో ఖాదర్ మొహియుద్దీన్ 1991లోనే కోపంగా మాట్లాడాడు. అది కవితే గానీ, కథకులకూ దారి చూపింది. 1992 డిసెంబరు 6 తర్వాత ముస్లింను ‘గొంతు తగ్గించు’ అనడం అన్యాయం. కోపం ఉండాలి. అది చెంచాలు చెక్కే ఆమె మీదికి పోతోందా, ఆమెను ఆ స్థితిలో ఉంచినవాళ్ల మీదికి పోతోందా అన్నది చూసుకోవాలి.

గొంతు నచ్చకపోతే రచయితను నిలదీయండి, ఎదురు కథ రాయండి. చెయ్యెత్తే హక్కు మాత్రం ఎవరికీ లేదు. 2007 ఆగస్టు 9న హైదరాబాద్ ప్రెస్‌క్లబ్‌లో తస్లీమా నస్రీన్ మీద దాడి జరిగింది. ఆమె ‘శోధ్’ నవల తెలుగు అనువాదం వస్తున్న సందర్భమది. అనుమానపు మొగుడి మీద ఒక భార్య పగ తీర్చుకునే కథ అది. దాడి వార్త మా ఊళ్లదాకా వచ్చింది. ఆ భార్య ఏమందో ఎవరూ అడగలేదు.