జల్లిన బియ్యము – తగ్గింపు కూపను



గుడివాడలో నా పూర్వవిద్యార్థి యొకడు చిన్న భోజనశాల నడుపుచున్నాడు. ఒక ఆదివారము నేనచట కూర్చుండగా, మోపిదేవి దర్శనమునకు పోవుచున్న యొక కుటుంబము నాలుగు కూపనులతో వచ్చినది. రెండువందల రూపాయల భోజనము నూరు రూపాయలకేయని ఫోనులో చూచి, ముందుగా సొమ్ము చెల్లించి కొన్నవి అవి. "ఆదివారం చెల్లవండి" అనెను ఇతడు. "ఆ మాట చీటీమీద ఏదీ?" అని వారడిగిరి. మాట పెరిగినది. ఆ నిబంధన కూపనులమ్మిన సంస్థవారి షరతులలో ఎక్కడనో చిన్న అక్షరములలో నున్నదట! పిల్లలతో వారు తినకయే వెడలిపోయిరి.

ఆ రాత్రి ఇతడు లెక్క చూపెను. "మాస్టారూ, నూటిలో సగం సంస్థకే పోతుంది. నాకు మిగిలేది యాభై. బియ్యానికి, గ్యాసుకే అది చాలదు." నిజమే. 2011 లో ఇంగ్లండునందలి రెడింగు పట్టణ ప్రాంతమున కేకులు చేయు నొక స్త్రీ నూటికి డెబ్బదియైదు తగ్గింపు ప్రకటింపగా 8,500 మంది కొనిరి. 1,02,000 కేకులు చేయవలసివచ్చినది. అదనముగా పనివారిని పెట్టుకొని చేసియిచ్చెను గాని, 12,500 పౌనులు నష్టపోయెను.

తగ్గింపు ధర ప్రకటించి, ఆ ధరకు తగినంత కాలము, తగినంత సరకు అమ్ము నుద్దేశము లేకుండుట అనుచిత వాణిజ్యమని 2019 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టము చెప్పుచున్నది. మచిలీపట్నమున జిల్లా కమిషను గలదు. చెల్లించిన మూల్యము ఐదు లక్షల లోపైన రుసుము లేదు, వకీలు ఉండితీరవలెనని లేదు. రెండేండ్లలోగా ఫిర్యాదు చేయవలెను. కాని నూరు రూపాయలకై నాగాయలంకనుండి బందరునకు ఎన్నిమారులు తిరుగుదురు? ముందుగా 1915 నంబరునకు ఫోను చేయుట మేలు.

ఇక మన ఇంటి మాట. ఆయ్దక్కి మారయ్య గాథ మీకు తెలియనిది కాదు. కల్యాణమున బసవేశ్వరుని ముంగిట రాలిన బియ్యమేరి తెచ్చుటయే ఆయన కాయకము. ఒకనాడు బసవేశ్వరుడు కావలెననియే ఎక్కువ జల్లించెను. మారయ్య మూట పెద్దదయ్యెను. భార్య లక్కమ్మ చూచి, ఇది మన దినవెచ్చమునకు మించినది, ఆశతో తెచ్చినది, తిరిగి అచటనే పోసి రమ్మని పంపెను.

ఈ కథను కొనువారికి మాత్రమే చెప్పుట మనకలవాటు. ఒక్క కూపనుతో ఆరుగురు కూర్చుండువారికి, తగ్గింపు పొందియు వడ్డించువానిని కసరువారికి లక్కమ్మ మాట తగులవలసినదే. కాని మరియొకటి గమనింపుడు. బసవేశ్వరుడు జల్లినవి నిజమైన గింజలు. జల్లి, ఏరవచ్చినవానిని "నేడు ఏరరాదు" అని వాకిట నిలువరింపలేదు. తన పేర కూపను వెలువడినపుడు, సంస్థ తన్ను ముంచినదని వర్తకుడు ఆకలితో వచ్చినవానికి చెప్పరాదు. ఆ తగవు సంస్థతో తేల్చుకొనవలసినది. ఒప్పుకొనక మునుపే లెక్క వేసికొనవలసినది.

నా మాట విని ఇతడు చాలసేపు పలుకలేదు. మరునాడు ఆ కుటుంబమునకు ఫోను చేసెను. "ఆదివారమే రావచ్చునా?" అని వారడిగిరట. రమ్మనెను. పెట్టెవద్ద ఒక పలక వ్రేలాడదీసి, కూపను చెల్లు వేళలు పెద్ద అక్షరములలో వ్రాయించెను. ఇంకను ముప్పది కూపనులు జనముచేత నున్నవట. అవి తీరువరకు క్రొత్తవి అమ్మింపనన్నాడు. ఆ నష్టమునకు సరిపడ ఉదయమున ఇడ్లీ బండి కూడ పెట్టుచున్నాడు.