గురువును కాదన్న పాట

ఆధ్యాత్మిక సత్యాన్ని తెలుసుకోవడానికి మధ్యవర్తి అవసరమా అన్న ప్రాచీన ప్రశ్నకు జాన్ లెనన్ 1970 డిసెంబరులో ఇచ్చిన జవాబు 'ఐ ఫౌండ్ అవుట్' అనే పాట. బీటిల్స్ బృందం విడిపోయాక ఆయన వెలువరించిన తొలి సోలో ఆల్బమ్ 'జాన్ లెనన్/ప్లాస్టిక్ ఓనో బ్యాండ్'లో అది మూడవది. గరగరలాడే ఎలక్ట్రిక్ గిటారు, క్లాస్ వోర్మన్ బేస్, రింగో స్టార్ డ్రమ్స్ తప్ప అందులో మరో వాద్యం వినిపించదు. అంతకు రెండు వారాల ముందే విడుదలైన, బీటిల్స్‌లో ఆయన సహచరుడైన జార్జ్ హారిసన్ ఆల్బమ్‌లోని 'మై స్వీట్ లార్డ్' అనేక గిటార్లతో, బృందగానంతో హరినామాన్నీ క్రైస్తవ స్తుతినీ ఒక్కటిగా కలిపింది. రెండు ఆల్బమ్‌ల నిర్మాణంలోనూ ఫిల్ స్పెక్టర్ పాలుపంచుకున్నాడని గమనిస్తే, లెనన్ ఆ బోసితనాన్ని కావాలనే ఎంచుకున్నాడని, అలంకారాన్ని తీసివేయడం ఆయన వాదంలో భాగమేనని స్పష్టమవుతుంది.

ఆకాశం నుంచి దిగివచ్చే రక్షకుణ్ణీ, హరే కృష్ణ ఉద్యమాన్నీ, గురువులనూ, మాదకద్రవ్యాలనూ ఈ పాట ఒకే వరుసలో నిరాకరిస్తుంది. 1968లో ఋషీకేశ్‌లో మహర్షి మహేశ్ యోగి వద్ద ధ్యానం అభ్యసించి, మరుసటి ఏడాది హరే కృష్ణ ఉద్యమ సంస్థ ఇస్కాన్ స్థాపకుడు భక్తివేదాంత స్వామికి తన టిట్టెన్‌హర్స్ట్ ఎస్టేటులోనే బస కల్పించినవాడి మాట కనుక దీన్ని తేలికగా తోసిపుచ్చలేము. భారతీయ తర్క పరిభాషలో ప్రమాణం అంటే సరైన జ్ఞానాన్ని కలిగించే సాధనం. స్వయంగా అనుభవించి తెలుసుకున్నది ప్రత్యక్ష ప్రమాణం కాగా, ఆప్తుని, అంటే విశ్వసింపదగినవాని వాక్యం శబ్ద ప్రమాణం. చార్వాకులు ప్రత్యక్షాన్ని ఒక్కదానినే అంగీకరించినట్లు, లెనన్ తన బాధను మాత్రమే ప్రమాణంగా నిలుపుతాడు. ఒకరి నొప్పిని మరొకరు విని గ్రహించగలరే గాని అనుభవించలేరు గనుక ఈ వాదానికి నిజమైన బలముంది.

అయినా అందులో సగమే నిలుస్తుంది. పసితనపు గాయాలను అరుపులతో, ఏడుపుతో తిరిగి అనుభవింపజేసే 'ప్రైమల్ థెరపీ' అనే చికిత్సను 1970లోనే ఆర్థర్ జానోవ్ వద్ద పొందిన తరువాతనే లెనన్ ఈ పాట పాడాడు. అంటే ఆ బాధకు తలుపు తీసింది కూడా ఒక బోధకుడే. అంతకంటే ముఖ్యమైనది పాట నడిచిన బ్లూస్ బాణీ. బ్లూస్ అనేది అమెరికా దక్షిణ రాష్ట్రాల నల్లజాతీయులు తమ కష్టాలను చెప్పుకోవడానికి రూపొందించుకుని, ఒక గాయకుని నుంచి మరొకనికి వినికిడి ద్వారా అందించుకున్న గానరీతి. పదిహేడేళ్ల వయసులో తల్లిని పోగొట్టుకున్న లెనన్ దుఃఖం ఆయన సొంతమే అయినా, దాన్ని పలికిన నుడికారం ఆ గాయకులది. వారే ఆయనకు ఆప్తులు. కనుక ఈ పాట మోక్షాన్ని ఎరచూపి దుఃఖాన్ని మరిపించే గురుత్వాన్ని సమర్థంగా ఖండించింది గాని, దుఃఖాన్ని పలకడం నేర్పే గురుత్వాన్ని ఖండించలేదు, ఖండించవలసిన అవసరమూ దానికి లేదు.